ముల్లు ఎర్రకొస్తే

విజయోత్సవ ఊరేగింపుకు యూనియన్ నాయకుడు అనంతరామ్ కారు ఎవరిని అడిగి తెచ్చుకున్నాడో తెలుసా? ఎవరి మీద గెలిచామని ఊరేగుతున్నాడో ఆ మేనేజర్నే అడిగి తెచ్చుకున్నాడు.

మేనేజర్ పేరు పృథ్వీరాజ్. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీ ఆయన చేతిలో ఉంది. కోస్తా నుంచి వచ్చి జ్యోతినగర్‌లో స్థిరపడ్డ మనిషి. ఆయనకొక పాత విలాయతీ స్పోర్ట్స్ కారు ఉంది. ఎర్ర రంగు, రెండే సీట్లు, పైకప్పు లేదు. ఆదివారం దాన్ని కడుగుతాడు, తుడుస్తాడు, రెండు వీధులు తిప్పి తెచ్చి మళ్లీ ముసుగు కప్పుతాడు. అంత సేవ ఆయన డంపర్లలో ఒక్కదానికి చేసినా సమ్మె జరిగేదే కాదు.

సమ్మె జరిగింది మీటర్ల గురించి. సదయ్య నడిపే డంపర్లో బ్రేకు గాలి మీటరు ముల్లు ఎప్పుడూ నిండుగానే నిలబడి ఉండేది. బ్రేకు పట్టడానికి ట్యాంకులో గాలి లేదన్న సంగతి లోడు బండి ఎత్తు మీంచి వెనక్కి జారినప్పుడు తెలిసింది. సదయ్య దూకాడు. కాలు విరిగింది, ప్రాణం మిగిలింది. కంపెనీ విచారణ జరిపి, మీటరు నిండుగానే చూపిస్తోంది కనుక తప్పు డ్రైవరుదేనని తేల్చింది.

ఆ మాటకే డ్రైవర్లంతా తాళాలు విసిరేసి గేటు ముందు కూర్చున్నారు. చివరికి పృథ్వీరాజ్ దిగొచ్చి సంతకం పెట్టాడు. మీటరు చచ్చినా, ముల్లు ఎర్రకొచ్చినా డ్రైవరు బండి ఆపొచ్చు, జీతం కోయరు. సదయ్యను మళ్లీ డ్యూటీలోకి తీసుకుంటారు. అయితే ఇదంతా ఒక్క నెల, పరీక్షగా.

"మీవాళ్లే దీన్ని పాటించకపోయారనుకోండి, ఆ రోజే కాగితం రద్దండీ" అని కలం మూత పెడుతూ అన్నాడు పృథ్వీరాజ్. ఆ ముక్క అనంతరామ్ చెవికెక్కలేదు. సదయ్య చెవికెక్కింది.

ఊరేగింపులో కారు నడపాల్సింది సదయ్యే అని అనంతరామ్ తీర్మానించాడు. కుంటుతున్న కార్మికుడు స్టీరింగు పట్టుకుంటే ఫొటో బాగా పడుతుంది మరి. ముందురోజు పొద్దున సదయ్య సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను పలికింది. మీటర్లు పలకలేదు. వేలితో టకటకా కొట్టి చూసి దిగిపోయాడు.

"ఏందే, దిగినవ్?" అన్నాడు అనంతరామ్.

"ఒక్క ముల్లు గూడ లేస్తలేదన్నా. నేను నడప."

"అరే, ఇది డంపరా? నడిచినంత మెల్లగ పోవుడేనాయె."

"ముల్లు లేవకుంటె నడపమని గేటు మీటింగుల ప్రమాణం జేపిస్తివి గద. డంపరని అన్నవా, బండని అన్నవా?"

మంథనిలో లా చదివిన అనంతరామ్ వాదం మానేసి నలుగురిని పిలిచాడు. కారును అంజి షాపుకు తోయించాడు.

అంజి ఆటో ఎలక్ట్రీషియన్, వరసకు సదయ్యకు బావమరిది. ఆ కారు మీటర్లు ఇక్కడ దొరికేవి కావు. ట్రాక్టర్ల షాపు నుంచి మూడు మీటర్లు తెచ్చాడు. ఒకటి నీళ్ల వేడికి, ఒకటి ఆయిలు ప్రెషరుకు, ఒకటి బ్యాటరీకి. ఇంతలో పృథ్వీరాజ్ ఫోను. "డ్యాష్‌బోర్డు చెక్క ఒరిజినలండీ. దానికి బెజ్జం పడిందంటే నేనూరుకోను." మనిషి కాలు విరిగినప్పుడు ఈ గొంతు ఇంత వణకలేదు.

అంజి చెక్కను ముట్టుకోకుండా దాని కింద ఇనుప పట్టీ బిగించి మీటర్లు కూర్చోబెట్టాడు. వేడి మీటరు కరెంటు లేకుండా సన్న గొట్టంతో పనిచేసే రకం; దాని మర ఇంజనుకు పట్టకపోతే లేత్ మీద మధ్యలోకి ఒక ఇత్తడి ముక్క చేయించాడు. బ్యాటరీ మీటరుకు వైర్లు కలిపితే ముల్లు వెనక్కి పోయింది.

"గిదేం పాడు కారు బావా! లోకమంత మైనస్ వైరు బాడీకి కడ్తె, వీడు ప్లస్ కట్టిండు. తెల్లోడు గద, అంత ఉల్టానే."

"నువ్వు గూడ ఉల్టా కలుపు మరి."

వైర్లు తారుమారు చేశాడు. ముల్లు లేచింది. అంజి రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు. "దొరసాని చేతికి ట్రాక్టరోని గడియారం కట్టినట్టున్నది. అయినా టైం కరెక్టుగ జెప్తది."

మర్నాడు గంగానగర్ నుంచి ఊరేగింపు కదిలింది. ముందు డప్పులు, వెనక డ్రైవర్ల జనం, నడుమ ఎర్ర కారు. కొత్త మీటర్లని ఎవరో భక్తిగా అద్దాల మీద కుంకుమ బొట్లు పెట్టారు. సదయ్య వాటిని రుమాలుతో తుడుస్తుంటే అనంతరామ్‌కు మంట. "పూజ జేసింది తుడుస్తరా?" "ముల్లు కనవడాలె గదన్నా."

అనంతరామ్ సీటు మీద నిలబడి మైకు అందుకున్నాడు.

"ముల్లు ఎర్రకొస్తే?"

"బండి ఆగాలె!" అని జనం అరిచారు.

అడుగడుగునా దండలు. నాయకుడి మెడ నిండాక కారుకు వేశారు. ముందు జాలీ మీద బంతిపూల దండలు వరసగా పడి, లోపల రేడియేటరు ఉందన్న ఆనవాలు కూడా మిగల్లేదు. ఎండ మండుతోంది. బండి నత్తలా పోతోంది. వేడి మీటరు ముల్లు పచ్చగీత దాటింది.

"అన్నా, ముంగటి దండలు తీపియ్యి. ఇంజన్‌కు గాలి తగుల్తలేదు."

"తీస్తే ఏసినోళ్లు అలుగరా? నడువు."

మెయిన్ చౌరస్తా వచ్చింది. ఎదురుగా వేదిక. దాని మీద అనంతరామ్ పిలిచిన ముఖ్య అతిథి పృథ్వీరాజ్, నాయకుడికి కప్పడానికి చేతిలో శాలువా. అనంతరామ్ గొంతు పెంచాడు.

"ముల్లు ఎర్రకొస్తే?"

"బండి ఆగాలె!"

సదయ్య మీటరు చూశాడు. ముల్లు ఎర్రలో ఉంది. తాళం తిప్పి తీసి జేబులో వేసుకున్నాడు. కారు ఆగింది. డప్పులు ఆగాయి.

అనంతరామ్ కిందికి వంగాడు. "స్టేజి గదిగో, కనవడ్తనే ఉన్నది! ముల్లును సూడకు, నడువు!"

మైకు నోటి దగ్గరే ఉంది. చౌరస్తాలోని లౌడుస్పీకర్లన్నీ కలిసి చెప్పాయి: ముల్లును సూడకు, నడువు.

సదయ్య వేదిక వైపు చూశాడు. మీవాళ్లే పాటించకపోతే కాగితం రద్దన్న మనిషి అక్కడ నవ్వు దాచుకుంటున్నాడు. తాళం తిప్పితే తన విరిగిన కాలూ, అందరి సమ్మే ఇక్కడే మట్టిలో కలుస్తాయి. సదయ్య స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నడప అన్నా. నువ్వు జెప్పినా నడప."

అప్పుడే బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. పృథ్వీరాజ్ నవ్వు మాయమైంది. శాలువా పారేసి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. రెండు చేతులా దండలు పీకి పారేశాడు. మీటరు వంక చూసి సదయ్య భుజం పట్టుకున్నాడు.

"బంగారంలాంటి పని చేశావయ్యా! ఇంకో నిమిషం నడిపితే ఇంజను హెడ్డు పోయేది. ముల్లు ఎర్రకొచ్చాక ఎవడు చెప్పినా నడపకూడదు. ఎవడు చెప్పినా!"

సదయ్య మెల్లగా అనంతరామ్ చేతిలోంచి మైకు తీసుకుని ఆయన ముందు పెట్టాడు.

"సార్, ఎనకోళ్లకు ఇనవడలే. ఇంకోపారి జెప్పుండ్రి."

కారు పోయేదన్న ఆవేశంలో ఉన్న పృథ్వీరాజ్ మైకులో మళ్లీ చెప్పాడు, ఇంకా గట్టిగా. చెప్పాక చుట్టూ చూశాడు. డ్రైవర్లందరి ఫోన్లూ గాల్లో లేచి ఉన్నాయి.

డంపర్ల కోసం ఆ మాట ఒప్పించడానికి డ్రైవర్ల పొయ్యిలు ఆరిపోయాయి. కారు కోసం ఆయనే అరిచి చెప్పాడు.

ఇక అనంతరామ్ వేదికెక్కి ఏమన్నాడో వినండి. "ముల్లు ముందు నాయకుడైనా ఒకటే అని సూపెట్టెటందుకే బండి ఆపించిన! సదయ్యకు పరీక్ష వెట్టిన!" చప్పట్లు కూడా పడ్డాయి. వాటిలో అంజివి లేవు. వాడు కారు పక్కన కూర్చుని ముల్లు మళ్లీ పచ్చలోకి దిగుతుంటే చూస్తున్నాడు.

డ్యూటీలో మళ్లీ చేరిన తొలి షిఫ్టులోనే సదయ్య డంపరు ఆపాడు. గాలి మీటరు ముల్లు మళ్లీ కదలడం మానేసింది. సూపర్‌వైజర్ జీపులో ఎగిరెగిరి వచ్చాడు. "మీటరే గద, బండి నడుస్తాంది గద, ఏం వట్టింది నీకు?"

సదయ్య ఫోను తీసి చౌరస్తా వీడియో ఒత్తాడు. పృథ్వీరాజ్ గొంతు డంపరు క్యాబిన్ నిండా మోగింది. ఎవడు చెప్పినా నడపకూడదు. ఎవడు చెప్పినా.

సూపర్‌వైజర్ జీపు తిప్పుకుని మీటరు తేవడానికి పోయాడు.