కుప్పల ముందు కన్నీళ్లు

నా కోడలు విమల ముంజేతుల మీద గాట్లు చూసినప్పుడు నాకు జాలి రాలేదు. ఒళ్లు మండింది. పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఆర్మూర్‌లో పసుపు సీజన్ మంచి ఊపు మీదుంది. రైతుల సరుకు అమ్మిపెట్టే మా ఆడత్ దుకాణం ముందు రైతుల బండ్లు, వాకిట్లో పసుపు కుప్పలు. ఇంత సందట్లో ఈమె తన చేతులు తనే గాయపరచుకొని, పైన పసుపు మెత్తి, రవిక చేతులు కిందికి లాక్కొని తిరుగుతోంది!

"ఏం పుట్టిందే నీకు? మా ఇజ్జత్ తీస్తవా?" అన్నాను.

"నన్ను ముట్టకు అత్తమ్మా," అంది, నా మొహమైనా చూడకుండా.

ఎంత పొగరు! పొద్దున్నే బండి కట్టించి మాక్లూర్‌లోని పుట్టింటికి పంపేయమని మా ఆయన నారాయణదాస్‌కు చెప్పేశాను. మళ్లీ తీసుకురావద్దని కూడా చెప్పాను.

తెల్లారింది, బండి వచ్చింది. విమల మూట పట్టుకొని గడప దాటుతుంటే, కుప్పల దగ్గర కొమ్ములు ఏరే వెంకవ్వ లేచి ఎద్దులకు అడ్డం నిలబడింది.

"గీ పిల్లను యాడికి తోలుతున్నవ్ సావుకారమ్మా?"

"నీకెందుకే? నీ పని నువ్వు చూస్కో."

"గీమె పసికొడుకు సచ్చిపోయి మూడు నెలలాయె. ఒక్కనాడన్న ఏడ్వనిచ్చినవా?"

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. సరుకు అమ్ముడుపోయేదాకా కుప్పల ముందు ఎవరూ కంటతడి పెట్టకూడదు, అపశకునం. మా అత్త నాకు చెప్పింది, నేను కోడలికి చెప్పాను. పసివాడు పోయిన నాడే మొదటి బండి దిగింది. విమల గొంతెత్తబోతే నోటికి కొంగు అడ్డం పెట్టి లోపలికి తోసింది నేనే.

వెంకవ్వ తన చెయ్యి చాపింది. దాని మీద పాత మచ్చలు.

"నా బిడ్డ పోయినప్పుడు నేను గూడ గిట్లనే జేసుకున్న. పిచ్చి గాదు, పొగరు గాదు. లోపలి బాధ తట్టుకోలేక. మా వదినె దినాం నా పక్కపొంటి కూసుండేది. తిట్టలే, నిలదియ్యలే. గట్ల బయటపడ్డ. గీమెను దవాఖానకు తోల్కపో. ఒంటిగ మాత్రం ఇడువకు."

"మానుతదా?" కటువుగానే అడిగాను.

"జల్ది మానది. మనిషి తోడుండాలె."

బండి వెనక్కి పంపేశాను. విమలను ఆ కుప్పల ముందే కూర్చోబెట్టాను. రైతులు చూస్తే చూడనీ!

"ఏడువు," అన్నాను. అదీ హుకుం లాగే వచ్చింది. నా నోరంతే.

"రాదు. నా కండ్లు ఎండగొట్టింది నువ్వే."

కోపం రావాల్సిన మాట. రాలేదు. మనవడికి నేను కుట్టించిన చిన్న కుల్లా టోపీ గుర్తొచ్చి, ఆమె పక్కన కూలబడ్డాను. ముందు ఏడ్చింది నేను. బజారంతా వినేలా ఏడ్చాను.

చాలాసేపటికి విమల ఒళ్లోని మూట పక్కన పెట్టింది.

"అత్తమ్మా, చెయ్యి సలుపుతున్నది. జర చూడు," అంది.