ఉడుకు గాలి నా తప్పు కాదు

నేను ఒక కంప్రెసర్ని. కారు బానెట్ కింద ఇంజన్ పక్కన కూర్చుని, బెల్టు లాగితే తిరుగుతూ, ఏసీ గ్యాసును అదిమి ముందుకు తోయడం నా పని. ఎండలోంచి వచ్చి సీట్లో కూలబడి మీరు "అమ్మయ్య" అంటారే, ఆ చల్లదనం మొదలయ్యేది నా దగ్గరే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నా మొదటి యజమాని అనంతపురంలో కల్యాణ మండపం నడిపే గోవర్ధనశెట్టి. తన కారుకు ఏసీ ఉందని అందరికీ చెప్పుకునేవాడు. వేస్తే పెట్రోలు తాగుతుందని అద్దాలు దించుకుని తిరిగేవాడు. చుట్టాలు ఎక్కితే మాత్రం అద్దాలెక్కించి నన్ను నడిపించేవాడు. వాళ్లు దిగారో లేదో మళ్లీ ఆపేసేవాడు.

అక్కడినుంచి హిందూపురం దగ్గరి నంజమ్మ చేతికి వచ్చాను. ఆమె పట్టుపురుగులు పెంచుతుంది. పురుగు చర్మం విడవడాన్ని అక్కడ జ్వరం అంటారు. గుడ్డు పగిలినప్పటి నుంచి రెండు జ్వరాలు దాటేదాకా పిల్ల పురుగుల్ని సాకి, ట్రేలలో పెట్టి రైతుల ఇళ్లకు చేర్చడం ఆమె వృత్తి. వెనక సీటు తీయించి ట్రేలకు చోటు చేసింది. కారు నడిపేది ఆమె భర్త కెంపన్న. వాళ్లిద్దరికీ చెమటలు పట్టినా ఏసీ వేసుకోరు, పురుగులు ఎక్కితే మాత్రం వేస్తారు. మనుషుల కంటే పురుగులే నాకు సరైన మర్యాద చేశాయి.

ఒక మే నెలలో గాలి ఉడుకుగా రావడం మొదలైంది. మెకానిక్ ఖాదర్‌వలి బానెట్ ఎత్తి కాసేపు నన్నే చూశాడు.

"కంప్రెసర్ పాయెనక్కా. కొంచేపు పట్టుకుంటాంది, మళ్లా ఇడుస్తాంది. వేరేది తెప్పించాల."

"ఎప్పుడొస్తాది?"

"బెంగళూరు నుంచి రావాల. రొండు మూడు దినాలు."

"పురుగులు రేపే జొరం ఇడిసి లేస్తాయి ఖాదరూ. లేస్తే ఆకు కావాల. అవి నీ కోసరం ఆగవు," అంది నంజమ్మ.

నాకు గొంతుంటే అప్పుడే చెప్పేదాన్ని. ఒత్తిడి మితిమీరినప్పుడు నన్ను ఆపేసే స్విచ్ ఒకటి ఉంటుంది. ఆగడం నా జబ్బు కాదు, ఎక్కడో వేడి పేరుకుంటోందన్న కబురు.

మరునాడు పురుగులు వెళ్లాల్సింది మడకశిర వైపు ఒక పల్లెలో ఉన్న రంగధామప్ప ఇంటికి. అతను అప్పటికే రెండు పట్టు పంటలు వరసగా పోగొట్టుకున్నాడు. వేడి తగిలిన పురుగు వెంటనే చావదు. మామూలుగానే ఆకు తింటుంది, తీరా గూడు కట్టే వేళకు మెత్తబడి రాలిపోతుంది. "ఈసారి గూడా పాయిందంటే మల్బరీ తోట పీకేస్తానక్కా," అని అతను ఫోన్లో అన్నాడు. ఆ మాట నంజమ్మ చెవుల్లోంచి పోలేదు.

ట్రేలు సర్దేసరికి ఎండెక్కింది. బయల్దేరాక చల్లగాలే ఇచ్చాను. ఊరి బయట రైలు గేటు పడింది. గూడ్సు బండి వచ్చి, కదలకుండా అడ్డంగా నిలిచిపోయింది. కాసేపటికి స్విచ్ నన్ను ఆపింది. లోపల గాలి ఉడుకెక్కింది.

"అద్దాలు దించుదామా?" అన్నాడు కెంపన్న.

"బయట వడగాలి కదప్పా! ఉండు." నంజమ్మ గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి ఆలోచించింది. "బండి పోతాంటే సల్లగ వస్తాది, నిలిస్తే ఉడుకు. కంప్రెసర్ పోయింటే బండి పోయేటప్పుడు మాత్రం ఎట్ల వస్తాది?"

ఆ మాట వినడానికి నేను నిన్నటి నుంచీ కాచుకుని ఉన్నాను.

ఆమె దిగి బానెట్ ఎత్తించింది. కారు ముందు భాగంలో, గ్యాసు వేడిని వదిలే జాలి ఉంటుంది. బండి నిలిచినప్పుడు దానికి గాలి విసరాల్సిన ఫ్యాను కదలడం లేదు. నంజమ్మ తాగే నీళ్ల క్యాను తెచ్చి జాలి మీద కుమ్మరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఒత్తిడి దిగింది, స్విచ్ నన్ను వదిలింది, నేను తిరిగాను.

"వచ్చె, సల్లగాలి వచ్చె!" అని లోపలినుంచి కెంపన్న అరిచాడు.

క్యాను ఖాళీ అయింది. రైలు కదల్లేదు. నంజమ్మ కారు వెనక నిలిచిన బస్సు దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, ఉండే నీళ్లు ఇయ్యండన్నా, లోపల పురుగులుండాయి."

"పురుగులకు ఏసీనా? మేం ఉడికి సస్తాండాం!" అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన. అందరూ నవ్వారు. నవ్వుతూనే సీసాలు అందించారు. ఆ పెద్దాయన దిగి వచ్చి తన సీసా తానే జాలి మీద పోశాడు. గేటు పక్క ఇంటామె బిందె నిండా నీళ్లు తెచ్చింది. పోసినప్పుడల్లా నేను తిరిగాను. రైలు కదిలేదాకా ఒకరి తర్వాత ఒకరు పోస్తూనే ఉన్నారు.

గేటు లేచాక నంజమ్మ మొగుణ్ణి ఎక్కడా బండి ఆపనివ్వలేదు. దారిలో తెలిసినవాళ్లు చెయ్యెత్తినా, "రేప్పొద్దున మాట్లాడుకుందువులే, పోనీ" అంది.

రంగధామప్ప ఇంట్లో ట్రేల మీద గుడ్డ తీసి లేత మల్బరీ ఆకు చల్లారు. పురుగులు తలలెత్తి ఆకు ఎక్కాయి. అతను వంగి చాలాసేపు చూశాడు. "బాగుండాయక్కా," అన్నాడు. నంజమ్మ మాత్రం, "గూడు కట్టేదాకా నాకు నిద్దర రాదు," అంది.

మరునాడు ఖాదర్‌వలి ఫ్యాను తీగను ఎలుక కొరికిందని కనిపెట్టి, కొత్త తీగ వేశాడు. "బాగుండే దాన్ని పీకేసేటోణ్ణి గదక్కా!" అని నొచ్చుకున్నాడు. ఆ నెలలోనే రంగధామప్ప తట్టల మీద పురుగులు గూళ్లు కట్టాయి. ఫోన్లో ఆ కబురు విని నంజమ్మ ఏడ్చింది. తోట పీకే మాట అతను మళ్లీ ఎత్తలేదు.

తర్వాత కొన్నేళ్లకు కారు ముసలిదై తుక్కుకు పోయింది. ఖాదర్‌వలి నన్ను ముందే ఊడదీసి తన షెడ్డులో బల్ల మీద పెట్టుకున్నాడు. కంప్రెసర్ కోసం వచ్చినవాళ్లు "పాతదేనా?" అని పెదవి విరుస్తారు.

"పాతదే. చెయ్యి పెట్టి తిప్పి సూడప్పా," అంటాడు అతను.

తిప్పి చూస్తారు. చప్పుడు లేకుండా తిరుగుతాను.