ప్రశ్న గురజాల అనసూయది

త్రికోటేశ్వరరావుకు మధ్యాహ్నం భోజనం కాగానే కునుకు తీయడం అలవాటు. నరసరావుపేటలో పురుగుమందుల షాపు నడిపినన్నాళ్ళూ కౌంటరు వెనక కుర్చీలోనే కానిచ్చేవాడు. షాపు అమ్మేశాక ఇంట్లో హాల్లో మడతమంచం మీద తీస్తున్నాడు. ఆ రోజు ఆ కునుకు చెడింది. వంటింటి గుమ్మంలో కూర్చుని అనసూయ నవ్వుతోంది. మామూలు నవ్వు కాదు. చేతిలో ఫోను, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, ఒళ్ళంతా కదిలిపోతోంది.

"ఎవరే ఫోన్లో?" అన్నాడు లేవకుండానే.

"ఎవరూ లేరు. నేనే."

లేచి వెళ్ళి చూశాడు. పసుపు రంగుకు తిరిగిన పాత పేపరొకటి ఫోనునిండా పరుచుకుని ఉంది. మడత దగ్గర చిరిగింది. మూల మీద లైబ్రరీ ముద్ర. పైన పెద్ద అక్షరాలతో 'నాగులేరు' అని ఉంది. గురజాల నుంచి ఒకప్పుడు వారానికోసారి వచ్చిన నాలుగు పేజీల పత్రిక అది. మిరప ధరలు, కోర్టు నోటీసులు, సినిమాహాలు ప్రకటనలు, పోయినవాళ్ళ ఫొటోలు. ఆగిపోయి చానా ఏళ్ళయింది. మేడ మీద గదిలో పడున్న కట్టల్ని ఎడిటరు గారి మనవలు గుంటూరులో ఒక కాలేజీ లైబ్రరీకి ఇస్తే, వాళ్ళు పేజీ పేజీ ఫొటో తీసి ఇంటర్నెట్టులో పెట్టారట. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు కావ్య ఊరికే అమ్మ పేరూ, అమ్మ పుట్టిన ఊరూ కొట్టి చూసిందట. ఒకటి కాదు, బోలెడన్ని పేజీలు వచ్చినయ్యట.

"మన పెళ్ళికి ముందు నేను ప్రశ్నలు రాసేదాన్ని. 'అడగండి, చెబుతా' అని శీర్షిక ఉండేది, పిడుగు అన్న పేరుతో జవాబులొచ్చేవి. చూడండి," అని అనసూయ వేలితో అక్షరాలు పెద్దవి చేసి చూపించింది.

*అనసూయ, గురజాల: ఆడపిల్ల సైకిలు తొక్కితే వానలు పడవని మా నాయనమ్మ అంటోంది. మరి పోయినేడు కరువు ఎవరు తొక్కితే వచ్చింది?*

*పిడుగు: పోయినేడు మీ వీధిలో సైకిలు తొక్కినవాణ్ణి నేనే. నేరం ఒప్పుకుంటున్నాను. శిక్షగా ఈ ఏడు సైకిలు మీకిచ్చి నేను నడుస్తాను.*

త్రికోటేశ్వరరావు కూడా నవ్వాడు. అచ్చులో భార్య పేరు చూస్తే గర్వంగా అనిపించింది. సాయంత్రం అదే పేజీని తన ఫోనులోకి తెప్పించుకుని తీసుకెళ్ళి, తన పాత షాపు పక్కనే కుట్టుమిషను పెట్టుకున్న అలీ సాహెబ్‌కు చూపించాడు.

అలీ సాహెబ్ కత్తెర పక్కన పెట్టి తీరిగ్గా చదివాడు. ఒకటి కాదు, పేజీలు జరుపుకుంటూ నాలుగైదు చదివాడు.

"వదిన ఇంత గట్టిదని నాకు తెలీనే తెలీదే అన్నా," అన్నాడు. ఇంకో పేజీ జరిపి, "ఈ పిడుగెవరో గానీ, అందరికీ ఒక్క ముక్కలో తేల్చేసినోడు, వదిన దగ్గరికొచ్చేసరికి కుర్చీ వేసుకుని కూర్చున్నాడే!" అని నవ్వాడు.

సాహెబ్ సరదాకే అన్నాడు. కానీ ఆ మాట త్రికోటేశ్వరరావు వెంట ఇంటిదాకా వచ్చింది.

మర్నాటినుంచి ఆయన కునుకు మానేశాడు. భోజనం కాగానే ఫోను తీసుకుని డాబా మీదకు పోయి, వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని 'నాగులేరు' చదివేవాడు. వార్తలు అక్కర్లేదు. సూటిగా మూడో పేజీకి వెళ్ళేవాడు. సాహెబ్ చెప్పింది నిజమే. మిర్యాలగూడెం వాడెవడో అడిగితే 'అవును' అని ఊరుకున్నాడు పిడుగు. రెంటచింతల అమ్మాయికి 'డాక్టరును అడగండి' అన్నాడు. గురజాల అనసూయ కనపడితే చాలు, కలం ఆగదు.

*అనసూయ, గురజాల: వేసవిలో నాగులేట్లో చుక్క నీళ్ళుండవు. అప్పుడు కూడా దాన్ని ఏరనే అనాలా?*

*పిడుగు: నెలాఖరున నా జేబులో చిల్లిగవ్వ ఉండదు. అప్పుడు కూడా పాలవాడు నన్ను అయ్యగారనే పిలుస్తున్నాడు. పాపం, ఏటిని కూడా అలాగే పిలవండి. వానలొచ్చాక మన ఇద్దరినీ తలుచుకుంటుంది.*

మన ఇద్దరినీ! మనమేంది, ఇద్దరమేంది? ఏటికీ పిడుగుకూ సంబంధించిన మాటేమోనని రెండుసార్లు చదివాడు. ఎటు చదివినా ఆ ఇద్దరిలో ఒకరు అనసూయే అనిపించింది.

ఇంకోచోట మిరపకాయకూ మొగుడికీ తేడా ఏమిటని అడిగింది. 'ఎండేకొద్దీ మిరపకాయకు ధర పెరుగుతుంది' అని జవాబు. త్రికోటేశ్వరరావు ఎండి ముడతలు పడ్డ తన మోచేతులకేసి చూసుకున్నాడు. వాళ్ళు అప్పుడెప్పుడో తన గురించే మాట్లాడుకుని నవ్వుకున్నట్టు ఒళ్ళు మండింది. ఆ ప్రశ్న అడిగేనాటికి ఆమెకు తానెవరో కూడా తెలియదన్న సంగతి ఆ మంటలో గుర్తు రాలేదు.

ఆఖరి ప్రశ్న వాళ్ళ పెళ్ళి నెలది.

*అనసూయ, గురజాల: పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఇకనుంచి ప్రశ్నలు ఏ పేరున పంపాలి?*

*పిడుగు: ప్రశ్న మీదైతే ఏ పేరైనా ఒకటే. ఆపకండి.*

ఆ చివరి మాట దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఇక్కడ తను శుభలేఖలు పంచుతూ తిరుగుతుంటే, అక్కడ ఎవడో తన కాబోయే భార్యను ఆపకండి అని బతిమాలుతున్నాడు. ఆమె ఆపేసింది కూడా. ఆ తర్వాత ఒక్క సంచికలో లేదు. ఎందుకు ఆపింది? బాధపడి ఆపిందా?

వారం రోజులు ఇంట్లో ఆయన నోట ఒక్క మంచిమాట రాలేదు. పప్పులో ఉప్పు ఎక్కువన్నాడు. ఫ్యాను తిరుగుతుంటే చప్పుడన్నాడు. చివరికి ఒకరోజు కాఫీ తాగుతూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఆ పిడుగు ఎవరో నీకు తెలుసా?"

"తెలీకేం? దేవానందం మాష్టారు. హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు. నాకు కాదు, మగపిల్లలకి," అంది అనసూయ చిక్కుడుకాయలు తుంచుతూ.

"చూశావా ఎప్పుడన్నా?"

"ఒక్కసారి, బస్టాండులో. మా నాన్న చూపిచ్చాడు. నా కార్డులు పోస్టులో వేసేది కూడా నాన్నేగా. మాష్టారు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు."

తండ్రే కార్డులు పోస్టు చేశాడన్న మాట త్రికోటేశ్వరరావు చెవికెక్కలేదు. సన్నగా, పొడుగ్గా అన్నది మాత్రం ఎక్కింది.

మాచర్లలో తెలిసినవాళ్ళ గృహప్రవేశం ఉందని చెప్పి ఆయన ఒక ఆదివారం బస్సెక్కాడు. మాష్టారు రిటైరై మాచర్లలో కొడుకు దగ్గర ఉంటున్నాడని, ఆ పత్రిక పెట్టిన లైబ్రరీకి ఫోను చేసి కనుక్కున్నాడు. వెళ్ళి ఏం చేయాలో అనుకోలేదు. చూడాలి, అంతే. దారిలో కండక్టరు "పిడుగురాళ్ళ, పిడుగురాళ్ళ!" అని అరుస్తుంటే కూడా చిరాకేసింది.

రైల్వే స్టేషను వెనక సందులో ఇల్లు దొరికింది. మాష్టారి కోడలు పద్మజ తలుపు తీసి, "గట్టిగా మాట్లాడండి, మామయ్యకి వినపడదు," అని లోపలికి తీసుకెళ్ళింది. కిటికీ పక్కన వైరు కుర్చీలో, కుర్చీ పట్టనంత లావు మనిషి, బనీను మీద కండువా వేసుకుని కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి ఆ ఇంట్లో ఎక్కడా లేడు. త్రికోటేశ్వరరావుకు కాస్త ఊరటగానే అనిపించింది.

"'నాగులేరు' చదివి వచ్చానండీ!" అని అరిచాడు. రైతుల రద్దీలో ఏళ్ళ తరబడి అరిచిన గొంతు అది.

మాష్టారి మొహం విప్పారింది. "నీ మాట బాగా వినపడతంది నాయనా! లైబ్రరీవాళ్ళు నా ఫొటోలు తీసుకోడానికి వచ్చారు గానీ, చదివి వచ్చినవాడివి నువ్వే. నువ్వు కూడా ప్రశ్నలు పంపావా?"

"నేను కాదు. మా ఆవిడ. గురజాల అనసూయ!"

ఆ పేరు వినగానే ఆ మొహంలో ఏం కదులుతుందో చూద్దామని కళ్ళార్పకుండా కూర్చున్నాడు. ఏమీ కదల్లేదు. మాష్టారు కళ్ళు చికిలించి, పైకి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"గురజాల అనసూయ... చానామంది రాసేవాళ్ళు నాయనా. గుర్తు రావటంలా."

"సైకిలు తొక్కితే వానలు పడవని అడిగింది!"

"ఆహా! బాగుందే. నేనేమన్నాను?"

త్రికోటేశ్వరరావు జవాబు చెప్పాడు. చూసి కాదు, ఫోను జేబులోనే ఉంది. ఏటి ప్రశ్న చెప్పాడు, దాని జవాబు చెప్పాడు. మిరపకాయది చెప్పాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. కడుపుమంటతో చదివి చదివి అన్నీ కంఠతా వచ్చేశాయని అప్పుడు తెలిసింది ఆయనకు. మాష్టారు ఎవరో రాసినవి విన్నట్టు ప్రతిదానికీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అన్నేళ్ళు రాసింది. వారం తప్పకుండా రాసింది. మీరు ఆపకండి అన్నారు. ఆవిడ గుర్తే లేదా మీకు?" అని త్రికోటేశ్వరరావు ఇంకా గట్టిగా అరిచాడు. గుర్తుందంటాడేమోనని భయపడి వచ్చిన మనిషి, గుర్తు లేదంటే అంతకన్నా ఎక్కువ కోపం తెచ్చుకున్నాడు. తన భార్యను మరిచిపోవడానికి ఈయనెవరు?

మాష్టారు నవ్వాపి ఆయనకేసి తిరిగాడు.

"పేరు గుర్తు లేదు గానీ నాయనా, ఒకటి చెప్తా. ఎడిటరు నాకు పావు పేజీ ఇచ్చేవాడు. కార్డులేమో సంచీడు. మంచివి ఏరి, చెత్తకి ఒక్కమాట పారేసేవాణ్ణి. నా జవాబు పొడుగుందంటే, ఆ ప్రశ్న నన్ను ఊరుకోనీలేదన్నమాట. అదంతా ఆవిడ గొప్పే." కండువాతో మొహం తుడుచుకుని, "అనసూయ అంటే అసూయ లేనిదని. ఇంటికి సరిపడా అసూయ నీ దగ్గరే ఉన్నట్టుందిగా!" అన్నాడు.

త్రికోటేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. లేచి దణ్ణం పెట్టాడు.

గుమ్మం దాటుతుంటే మాష్టారు వెనకనుంచి, "ఒకసారి ఆవిణ్ణి తీసుకురా. ఇప్పుడేం అడుగుద్దో వినాలనుంది," అన్నాడు. త్రికోటేశ్వరరావు వినపడనట్టే నడిచాడు.

ఇంటికొచ్చేసరికి అనసూయ దీపం పెడుతోంది. "గృహప్రవేశానికి పోయి జాకెట్టుముక్క, పసుపుకుంకం లేకుండా వచ్చారేంది?" అంది.

దాచడం చేతకాలేదు. "మీ పిడుగు దగ్గరికి పోయొచ్చా," అన్నాడు. "లావైపోయాడు. చెవుడు. నీ పేరు చెప్పా. నువ్వెవరో గుర్తు లేదన్నాడు."

అనసూయ అగ్గిపెట్టె గూట్లో పెట్టేసింది. "అంతేలే. యాభై ఏళ్ళనాటి మాట," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫోను చార్జింగులోనే ఉండిపోయింది. కావ్య ఫోను చేసి ఇంకో సంచిక దొరికిందంటే, "తర్వాత చూస్తాలే," అంది అనసూయ. ఏ నవ్వు ఆగాలని త్రికోటేశ్వరరావు వారంపాటు పళ్ళు నూరాడో, ఆ నవ్వు ఆగింది. మడతమంచం మీద కళ్ళు మూసుకుంటే కునుకు మాత్రం రాలేదు. మాష్టారన్న మాటల్లో సగం తను మింగేశాడు. గుర్తులేదన్నది మోసుకొచ్చాడు, గొప్ప ఆవిడదే అన్నది అక్కడే వదిలేసి వచ్చాడు.

మూడోనాడు ఆవిడ బియ్యం ఏరుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. అంతా చెప్పాడు. ప్రశ్న ఊరుకోనీలేదన్నది, తీసుకురమ్మన్నది. అసూయ గురించి అన్నది ఒక్కటే చెప్పలేదు.

అనసూయ చేట పక్కన పెట్టింది. "ఇంత మాట చెప్పటానికి మూడు రోజులు పట్టిందా మీకు?"

ఆయన ఆ చేట తన ముందుకు లాక్కుని, "పెళ్ళయినాక ఎందుకు ఆపేశావు?" అన్నాడు.

"ఈ ఊరికి ఆ పేపరు వచ్చేది కాదుగా. కొన్నాళ్ళు దిగులుగా ఉంది. తర్వాత కావ్య పుట్టింది, మరిచిపోయా."

"నన్ను అడగొచ్చుగా. ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్నన్నా అడిగావా నన్ను?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఉప్పుకూ ఫ్యానుకూ కారణం అప్పుడు అర్థమైనట్టుంది. పెదవి కొరుక్కుంది.

"అడిగా. కొత్తలో చానా అడిగా. వెన్నెల్లో మిరపచేలు ఎట్టుంటయ్యని అడిగితే, ఎకరానికి ఎంత మందు కొట్టాలో చెప్పారు."

ఆ ముక్క అన్నాక ఆవిడకే నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. అది నిజమేనని తెలుసు కాబట్టి రాలేదు.

పై ఆదివారం ఇద్దరూ కలిసి మాచర్ల వెళ్ళారు. అనసూయ జరీ అంచు చీర కట్టుకుంది. 'ఈ చీర మా మేనల్లుడి పెళ్ళికి కట్టమంటే కట్టలేదే,' అని బస్సు దిగిందాకా అనుకుంటూనే ఉన్నాడు త్రికోటేశ్వరరావు.

అక్కడ కొత్త చిక్కొచ్చింది. అనసూయ గొంతు సన్నం, మాష్టారికి అందదు. పద్మజ చెప్పి చూసినా అంతే. ఆయన చెవికి అందేది ఒక్క త్రికోటేశ్వరరావు గొంతే. కాబట్టి అనసూయ భర్త చెవిలో అడిగితే, భర్త దాన్ని మాష్టారికి అరిచి చెప్పాలి. మాష్టారు జవాబు చెబుతాడు, అనసూయ విరగబడి నవ్వుతుంది, మధ్యలో ఈయన కుర్చీ అంచున చెమటలు కక్కుతూ కూర్చుంటాడు. తన గొంతుతోనే తన భార్యను ఇంకో మనిషి నవ్విస్తుంటే చూస్తూ ఉండడం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది.

పద్మజ కాఫీలు తెచ్చింది. ఒక గుక్క తాగి అనసూయ మళ్ళీ భర్త వైపు వంగింది.

"ఇది అడగండి. వయసొచ్చేకొద్దీ కళ్ళు తగ్గుతయ్యి, పళ్ళు తగ్గుతయ్యి. తగ్గకుండా పెరిగేదేంది?"

త్రికోటేశ్వరరావు అరవడానికి నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. భార్యకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"కుళ్ళు."

అనసూయ ఒక్క క్షణం బిత్తరపోయి చూసింది. తర్వాత వచ్చింది నవ్వు. కాఫీ చీర మీద ఒలికింది, కళ్ళజోడు ఒళ్ళో పడింది, పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పద్మజ కంగారుగా వచ్చి నీళ్ళందించింది.

"ఏంది, ఏందంటంది అమ్మాయి? ఎందుకా నవ్వు? నాకూ చెప్పు నాయనా!" అని మాష్టారు కుర్చీలో ముందుకు జరిగాడు.

"కాఫీ బాగుందంటంది మాష్టారూ!" అని అరిచి, త్రికోటేశ్వరరావు గ్లాసు ఎత్తి మిగతాది తాగేశాడు.