చిటికెనవేలి వైపు ఎముక

చొక్కా కాలరు మీద ముడత పోలేదని మా ఆయన ఇస్త్రీపెట్టె నా చేతిలోంచి లాక్కుని నా భుజానికి ఆనించాడు. ఒక్క క్షణమే. "ఇప్పుడు తెలిసిందా ముడత ఎలా పోతుందో?" అన్నాడు. నా కేక విని అత్తగారు హాల్లోంచి "పొద్దున్నే ఏంటా గోల, అవతల టైమవుతుంటే" అని నన్నే కసిరింది. కాలిన చోట మందు రాసుకుని, నలుగురికీ తిండి డబ్బాల్లో సర్ది, ఆయన బూట్లు తుడిచి పెట్టి, అందరికంటే ఆఖర్న కారెక్కాను.

తవ్వకాల్లో బయటపడ్డ ఎముకలని పరీక్షించి, వాటి కథేమిటో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆవేళ తవ్వకాల దగ్గర పనిచేసేవాళ్లంతా ఇంటివాళ్లని తీసుకొచ్చి ఆ చోటు చూపించొచ్చన్నారు. "అక్కడ నాకో గౌరవం ఉంది. ఏడుపు మొహం వేసుకుని పరువు తియ్యకు" అని దారిలో రెండుసార్లు చెప్పాడు. పదకొండేళ్లుగా ఆయన పరువుకి నా మొహమే కాపలా, జీతం బత్తెం లేకుండా.

తాడు కట్టిన గుంట చుట్టూ నలభైమంది దాకా నిలబడ్డాం. లోపల ఒక ఆడమనిషి అస్థిపంజరం. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మెత్తటి బ్రష్‌తో ఆమె చేతిమీది మట్టి తుడిచాడు. ఎంత సున్నితంగా తుడిచాడో.

"పాపం, పాతికేళ్లు కూడా ఉండవు ఈవిడకి. చూడండి, ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక ఒక్కటే మధ్యకి విరిగింది. కిందపడితే సాధారణంగా ఇలా విరగదు. పడేటప్పుడు అరచేయి ఆనిస్తాం, మణికట్టు దగ్గర పోతుంది. ఇది దెబ్బ. మొహానికి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుంటుంది."

"ఎవరు కొట్టారో పాపం," అంది ఒకావిడ.

"ఇంట్లోవాడే అయ్యుంటాడు," అని తల అడ్డంగా ఊపాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వెయ్యేళ్ల కిందట చచ్చిపోయినదాని మీద ఇంత జాలా. నా పక్కనే గునపం ఉంది. వంగి ఉన్న ఆయన మెడ మీద దాన్ని దించితే ఎలా ఉంటుందో కళ్లకి కట్టింది. చెయ్యి వేశాను కూడా.

అప్పుడు మా తొమ్మిదేళ్ల పాప అడిగింది. "నాన్నా, అమ్మకి విరిగింది కూడా ఆ ఎముకే కదా. ఎక్స్‌రేలో చూశాను. బాత్‌రూంలో పడిందని నువ్వే చెప్పావుగా డాక్టరుకి. మరి పడితే అలా విరగదంటావేంటి?"

అత్తగారు దాని జబ్బ గిల్లింది. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నీకెందుకే."

ఆయన నవ్వాడు. "ఇంటికెళ్లాక చెప్తాలే తల్లీ."

ఇంటికెళ్లాక. ఆ మాట నాతో అన్నప్పుడల్లా ఇంటికెళ్లాక ఏం జరిగిందో నా ఒంటికి తెలుసు. పాపతో అనడం ఇదే మొదటిసారి. అదేమో బుద్ధిగా తలూపింది.

గునపం వదిలేశాను. తాడు కిందనుంచి దూరి, గుంట అంచున నిలబడి, నా కుర్తా చెయ్యి మోచేతి దాకా మడిచాను. ఎముక వంకరగా అతుక్కున్న చోటుని అందరూ చూశారు. ఆయన కూడా చూశాడు, బ్రష్ పట్టుకుని అలాగే.

"నేను పడలేదమ్మా," అన్నాను పాపతో, వెనకవాళ్లకి కూడా వినపడేలా. "మీ నాన్న కుర్చీ ఎత్తి కొడితే చెయ్యి అడ్డం పెట్టాను. ఇలా రా. మనం ఇంటికెళ్లడం లేదు."