ఎర్రగడ్డల లైను

అలివేలు ఎర్రగడ్డ తల కోసి, తోక కోసి, పైపొర ఒలిచి బెల్టు మీద పడేసింది. ఇంకోటి అందుకుంది. దేశం కాని దేశంలో, ట్రుగనీనా అనే ఊళ్లోని ఆ కూరగాయలు తరిగే ఫ్యాక్టరీలో క్యారెట్ల లైనుకు మనుషులు పోటీ పడతారు. ఎర్రగడ్డల లైను ఎవరికీ అక్కర్లేదు. ఎనిమిది నెలల కిందట ఆమే అడిగి మరీ అక్కడికి మారింది. చలికి వేళ్ల కొసలు తెల్లబారాయి. కంపెనీ ఇచ్చిన కళ్లద్దాలు మాత్రం మెడలోనే వేలాడుతున్నాయి. ఇక్కడ కళ్లనీళ్లు కారుతుంటే ఎందుకని ఎవరూ అడగరు.

పోయిన వారం బెల్టు చెడి, రెండు రోజులు ఆమెను క్యారెట్లకు వేశారు. అక్కడా కళ్లు కారుతూనే ఉన్నాయి. సూపర్‌వైజర్ లాన్ చూసింది. వియత్నాం మనిషి, మాట తక్కువ. మర్నాడు కౌన్సెలింగ్ చీటీ చేతిలో పెట్టింది.

"మూడింటికి పోతాండావా అక్కా, పిచ్చి డాక్టరు కాడికి?" అంది పక్కనున్న కడప పిల్ల నీలిమ.

"పిచ్చి నీకే. ఊరికే కూచోబెట్టి మాట్లాడిస్తారంట."

"దానికి మేం లేమా?"

"మీకు చెప్తే సాయంత్రానికి టార్నీట్‌లో మనోళ్లందరి దాకా పోతాది."

మూడింటికి కౌన్సెలింగ్ గది గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కుర్చీ అంచున కూర్చుంది. ఎదురుగా హెలెన్ అనే కౌన్సెలర్. బల్ల మీద ఫోను. అందులోంచి ఆడగొంతు తెలుగులో పలికింది.

"నేను ఇంటర్‌ప్రెటర్‌నండి. మీరన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్తాను. ఇక్కడి మాట బయటికి పోదు. ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప."

అలివేలు ఫోను వైపు వంగింది. తెలుగు మనిషా! ఈ మాట చుట్టూ తిరిగి కూతురు భానుశ్రీ చెవిన పడితే? ముందు ఆరా తీయాలనుకుంది.

"ఏమ్మా, మీదేవూరు? ఎవరి తాలూకు?"

ఫోను ఆ ప్రశ్నను కూడా ఇంగ్లీషులోకి మార్చేసింది. హెలెన్ మొహం విప్పారింది. ఆమె జవాబు తెలుగై వచ్చింది.

"మాది బల్లారాట్ పక్కన పల్లె. ఆలుగడ్డలు పండించే ఇల్లు. మా నాన్న పేరు టామ్."

అలివేలుకు నవ్వొచ్చింది. అడిగింది ఒకరిని, చెప్పింది ఇంకొకరు.

"మాది ఎర్రగడ్డల ఇల్లు. కర్నూలు పక్క," అంది.

ఆమె కళ్లు కారాయి. ఇంట్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరు ఊరుకో అనేవాళ్లు. ఇక్కడ ఎవరూ అనలేదు.

"ఎనిమిది నెలలాయె. ఆ పొద్దు మా ఇంటాయన గుండెల్లో మంటగా ఉందే అన్నాడు. రాత్రి బజ్జీలు తింటివి గదా, మజ్జిగ తాగి పండుకో అని చెప్పి షిఫ్టుకొచ్చేసినా. పోయి చూస్తే కుర్చీలోనే పోయినాడు. నిద్రలో పోయినాడని మా పాపకు చెప్పినా. మంట సంగతి చెప్పలే."

ఫోను ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అలివేలుకు వచ్చే నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో 'ఐ' ఒకటి. ముక్కూమొహం తెలియని ఆడది తన తప్పును 'నేను' అంటూ చెబుతోంది.

నీ తప్పు కాదని హెలెన్ అనలేదు. "ఎనిమిది నెలలు ఇది మీరొక్కరే మోశారు," అంది. "వచ్చే గురువారం ఇదే టైముకు వస్తారా?"

"వస్తా. ఫోన్లో ఈ పాపే ఉంటాదా?"

ఫోను అదీ మార్చింది. "అడిగి చూస్తాను," అంది హెలెన్.

ఇంటికొచ్చి అలివేలు చేతులు రెండుసార్లు కడిగింది. వాసన పోలేదు. భానుశ్రీ ఆరింటికి ఆసుపత్రి డ్యూటీ దిగి వస్తుంది. అలివేలు స్టూలెక్కి, పై అరలో కందిపప్పు డబ్బా వెనక దాచినదాన్ని తీసి, కూతురు కూర్చునే చోటికి ఎదురుగా బల్ల మీద పెట్టింది.

ఆ రోజు భర్త హనుమయ్య సగం తాగి వదిలిన గాజు గ్లాసు. లోపల మజ్జిగ ఎండి కట్టిన తెల్లటి గీత, దాని కింద అంటుకుపోయిన చిన్న కరివేపాకు.