మిద్దె మీది శనగపిండి

కమలాపురం అంగళ్ల వీధిలో గోవిందయ్య కొట్టు ముందు జనం మూగితే, కొత్త సరుకు దిగిందనుకుని సంచీ పట్టుకుని పోయినాను. దిగింది ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు.

శనగపిండి నీళ్లలో కలిపి ఏదో చుక్క వేస్తే, గాజుగొట్టంలో గులాబీరంగు తిరిగింది. చీరకైతే బాగుండేది.

"రంగు కలిసినట్టుంది. శాంపిల్ ల్యాబుకు పోతుంది, అంతవరకూ మూటలన్నీ సీజ్," అన్నాడు ఆఫీసరు. సీలు వేయాలంటే ఇద్దరు సాక్షులు కావాల. టీకొట్టు ఓబుళేశు ఒకడు దొరికినాడు. మిగిలినవాళ్లందరికీ ఒక్కసారే ఇంట్లో పనులు గుర్తుకొచ్చినాయి.

"అమ్మా, చదువుకున్నట్టుండారు. మీరు పెట్టండి సంతకం."

"నేను పెట్టను సార్. మా వీధికంతా ఈడే పిండి కొనమని చెప్పిందాన్ని. మీ చుక్కలోనే ఏదో తేడా ఉండాది," అన్నాను. బీయస్సీ కెమిస్ట్రీ చదివి అన్న మాట అది.

గోవిందయ్య భార్య నాగశ్రీ నా చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి, వాళ్లింట్లోకి తీసుకుపోయింది. "నువ్వొక్కదానివే మా పక్క నిలబడినావు వేణక్కా. సంతకం మాత్రం పెట్టొద్దు," అని కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే బాండలి పొయ్యి మీద పెట్టింది. ఆఫీసర్లకు మిరపకాయ బజ్జీలంట, మనసు మెత్తబడుతుందని.

నాకు నవ్వొచ్చింది. "ఏమే, ఆ పిండితోనే వాళ్లకు బజ్జీలా?"

"అదెందుకక్కా, ఇది మా ఇంటిది. శనగలు తెప్పించి మిల్లులో పట్టించుకుంటాం."

"ఎప్పట్నుంచి?"

పిండి కలుపుతున్న చెయ్యి ఆగింది. "కింది పిండి ఏజెంటు తోలేది గదా. అందులో ఏం కలిపింటారో ఏమో. పిల్లలున్న ఇల్లు, మనకొద్దన్నాడు ఆయన."

"మా ఇంట్లోనూ పిల్లలుండారు నాగశ్రీ."

"నీకు చెబితే వీధికంతా తెలుస్తాది కదక్కా."

అబద్ధం కాదు. నా నోటి సంగతి అందరికీ తెలిసిందే. వాళ్ల కొట్టుకు గిరాకీ తెచ్చింది కూడా ఆ నోరే. మా పాప శిల్ప కడుపునొప్పితో ముడుచుకుని పడుకున్న పొద్దు, పక్కన కూచుని వాము నలిపి పెట్టింది ఈ నాగశ్రీనే. పెడుతూ కూడా పిండి సంగతి ఒక్క మాట అనలేదు.

"వేడిగా ఉండాయి, రెండు తినిపో అక్కా."

బజ్జీలు బాగా వేగినాయి. తినలేదు. కిందికి దిగి ఆఫీసరును పెన్ను అడిగినాను.

అతను కాగితం నా వైపు తిప్పుతూ, "అంగడివాళ్లకు మీరేమవుతారమ్మా?" అన్నాడు.

నాగశ్రీ మెట్ల మీద నిలబడి వింటాంది.

"ఏమీ కాను సార్," అన్నాను. "పిండి కొనేదాన్ని."