పరగడుపు రసం

తడిపిన తెల్లగుడ్డతో ఆంజనేయప్రసాద్ క్యారెట్‌ను గట్టిగా రుద్ది, గుడ్డను బల్బు కిందికి తెచ్చి చూశాడు. రంగు అంటలేదు. అయినా నమ్మకం కుదరక గోటితో గీరి వాసన చూశాడు. బీట్‌రూట్ ఎలాగూ రంగు వదులుతుంది కాబట్టి దాన్ని నిలువునా కోసి, లోపలి వలయాలు పరీక్షించాడు. ఉసిరికాయల గింజలు తీసి, గుప్పెడు మునగాకు చేర్చి మిక్సీలో వేశాడు. పాత పంచెగుడ్డలో వేసి పిండుతుంటే చిక్కటి రసం మణికట్టు దాకా కారింది.

సన్నగా, కాస్త ముందుకు వంగి ఉండే మనిషి. ఒక కనుబొమ్మ ఎప్పుడూ పైకి లేచే ఉంటుంది. పాలవాడి క్యానులో వేలు ముంచి చూస్తాడు. కండక్టరు ఇచ్చిన టికెట్టును వెనక్కి తిప్పి చూస్తాడు. వట్లూరులో అద్దె ఇల్లు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా పని. రోజూ పాసింజరు బండిలో రాకపోకలు.

మందుల విషయంలో మాత్రం అతనిది ఊరికే వచ్చిన అనుమానం కాదు. పెళ్లికి ముందు ఏలూరులో ఒక మందుల ఏజెన్సీలో పనికి చేరాడు. ఒకనాడు గోడౌన్లోకి వెళ్తే, తొట్టెలో గడువు దాటిన టానిక్కు సీసాలు నానుతున్నాయి. ఒకడు పాత లేబుళ్లు గీకుతున్నాడు, పక్కవాడు కొత్తవి అంటిస్తున్నాడు. మర్నాటి నుంచి అతను ఆ పనికి వెళ్లలేదు. ఎందుకు మానేశావని అడిగిన తండ్రికీ చెప్పలేదు. కాని నీళ్లలో తేలుతున్న ఆ కాగితాలు అతని కళ్లలోంచి పోలేదు.

అందుకే, భార్య రత్నాంబకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు ఐరన్ మాత్రలు రాసిచ్చినప్పుడు, చీటీ మడిచి జేబులో పెట్టుకుని మందుల షాపు ముందునుంచే కూరగాయల బజారుకు నడిచాడు.

“మాత్రలో ఏం కలిపారో మనం చూశామా? దుంపయితే కళ్లెదుటే ఉంటుంది,” అన్నాడు.

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే పరగడుపున గ్లాసు రసం. ఆమె ఆఖరి గుక్క మింగేదాకా ఎదురుగా నిలబడతాడు. ఈమధ్య ఆమెకు ఆయాసం తగ్గింది. పాలిపోయిన పెదవులకు రంగు తిరిగింది. ఆ పెదవులు చూసినప్పుడల్లా అతనికి లోలోపల గర్వంగా ఉండేది.

కొల్లేట్లో ఆక్రమణ చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు తెంచిన ఏడాది, చలికాలం. ఆ పొద్దున ఆమె ఖాళీ గ్లాసు కింద పెడుతుండగా, పక్కింటి నర్సు నిర్మల గోడ మీదుగా తొంగిచూసింది.

“పిన్నిగారూ, మాత్రలు అయిపోవచ్చాయన్నారు కదండీ. సాయంత్రం తెచ్చిస్తానండీ.”

అతన్ని చూసి చప్పున తల వెనక్కి తీసుకుంది.

ప్రసాద్ నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. పప్పుల డబ్బాలు దించాడు. పోపుల పెట్టె తెరిచాడు. ఇంగువ డబ్బాలో దొరికింది, సగం వాడిన మాత్రల అట్ట.

“ఎన్నాళ్లనుంచి?”

“మొదటినుంచీనండీ.”

“మరి నేను పిండే రసం?”

“అదీ తాగుతూనే ఉన్నాను కదండీ. ఉసిరి రసం తాగి వేసుకుంటే మాత్ర ఒంటికి బాగా పడుతుందని నిర్మల చెప్పింది. మీరు గుమ్మం దిగగానే వేసుకుంటాను.”

“నాకో మాట చెప్పకూడదా?”

రత్నాంబ కొంగుతో గ్లాసు అంచు తుడిచింది. “చెబితే పారేస్తారని భయమండీ. నాకు బతకాలని ఉంది.”

అతను అట్టను మళ్లీ డబ్బాలో పెట్టి, టిఫిను తినకుండానే బయల్దేరాడు.

మార్కెట్లో ప్రతి బస్తాలోనూ మోచేయి దాకా చెయ్యి దూర్చి కుళ్లు వెతికే మనిషి, ఆ రోజు పైపైన చూసి పంపించేశాడు. యజమాని నరేంద్ర గమనించాడు.

“ఏవండీ ప్రసాద్ గారూ, ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉందండీ,” అన్నాడు. ఎడమ భుజం లాగుతున్న సంగతి చెప్పలేదు.

లోకమంతటినీ అనుమానించాడు కాని, రత్నాంబను ఏనాడూ అనుమానించలేదు. ఆమె దాచిందన్న బాధ మధ్యాహ్నానికే పోయింది. పోనిది, ఆమె నోట విన్న ‘భయం’ అనే మాట. మోసగాళ్లకు భయపడి అతను మందులు మానిపిస్తే, అతనికి భయపడి ఆమె మందులు దాచుకుంది.

సాయంత్రం, మర్నాటి రసానికి దుంపలు కొన్న గుడ్డసంచీతో స్టేషను దారిలో మందుల షాపు మెట్లెక్కాడు. మాత్రల పేరు చెప్పి, ఇచ్చిన అట్టను ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు. వేరే పెట్టెలోంచి ఇమ్మన్నాడు.

“అంత అనుమానమైతే ఇంకో షాపులో కొనుక్కోండి సార్.”

“అనుమానమేనండీ. అయినా ఇవ్వండి.”

బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. రోజూ కలిసి ప్రయాణించే బ్యాంకు గుమాస్తా మధుబాబు ఎదురుగా కూర్చుని పేపరు విప్పాడు. పూళ్ల దాటాక కొల్లేటి వైపు నుంచి చలిగాలి కొట్టింది.

“కిటికీ దించమంటారా అండీ?”

“ఉండనివ్వండి. హాయిగా ఉంది.”

భీమడోలు దాటాక అతను తల కిటికీ చువ్వలకు ఆనించాడు. నిద్రపోతున్నాడని మధుబాబు పలకరించలేదు. వట్లూరు వచ్చాక భుజం తట్టాడు. “ప్రసాద్ గారూ, దిగాలండీ.” ఒళ్లో ఉన్న చెయ్యి మెల్లగా పక్కకు జారింది.

శవంతో పాటు మధుబాబు ఇంటికి చేర్చిన గుడ్డసంచీని రత్నాంబ రెండోరోజుకు గాని తెరవలేదు. దుంపల మధ్య కొత్త మాత్రల అట్ట ఉంది. దాని వెనక, గడువు తేదీ చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టి ఉంది. బండి కుదుపుకు కాబోలు, ఆ గీత ఒకచోట వంకరపోయింది.